పాత ఎంజీబీకి కొత్త ఏబీఎస్

తుక్కుకు పోయిన కార్లోంచి విప్పి తీసిన ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రం పట్టేయకుండా చూసే యాంటీ-లాక్ బ్రేక్ సిస్టమ్) యూనిట్‌ను చేతిలోకి తీసుకుంటే ఇంతేనా అనిపిస్తుంది. రెండు అరచేతుల్లో పట్టే అల్యూమినియం దిమ్మ. దానికి ఒక పక్క చిన్న మోటారు, మరో పక్క నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో కంప్యూటరు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి వచ్చే పైపులకు రెండు రంధ్రాలు, చక్రాలకు వెళ్లే పైపులకు నాలుగు. ఒక పెద్ద వైరింగ్ సాకెట్. పాత కార్ల మోజు ఉన్నవాళ్లకు దీన్ని చూడగానే ఒక ఆలోచన వస్తుంది: ఆరు పైపులు, నాలుగు సెన్సార్లు, కొన్ని వైర్లు. ఇంతేగా, మన బండికీ పెట్టేద్దాం.

పెట్టవచ్చు. పెట్టుకుని నడుపుతున్నవాళ్లు యూరప్‌లోనూ అమెరికాలోనూ ఉన్నారు. ఆ దిమ్మలో వాల్వులు, పంపు మాత్రమే ఉంటే పని ఇంత చిక్కు అయ్యేది కాదు. దాని కంప్యూటర్‌కు ఒక కారు కంఠస్థం. ఆ కారు బరువెంత, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరమెంత, ఆయిల్ ఒత్తిడి ఇంత పెరిగితే బ్రేకు ఎంత గట్టిగా పట్టుకుంటుంది, టైరు ఎక్కడ జారడం మొదలుపెడుతుంది... ఇవన్నీ తయారీ కంపెనీ ఇంజినీర్లు మంచు మీద, తడి రోడ్డు మీద నెలల తరబడి తిప్పి చూసి దానికి నేర్పారు. దాన్ని తెచ్చి ఇంకో కారులో బిగిస్తే, అది ఇంకా తన పాత కారునే ఆపుతున్నానని అనుకుంటుంది. ఈ పనిలో కష్టమంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

మాట గాల్లో ఉండకుండా ఒక బండిని ముందు పెట్టుకుందాం. ఎంజీబీ. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో ఐదు లక్షలకు పైగా తయారైన స్పోర్ట్స్ కారు. మన రోడ్ల మీద ఇది అరుదే గానీ దీని చుట్టరికం మనకు బాగా తెలుసు. దీని 1798 సీసీ ఇంజిన్, మన అంబాసిడర్‌లో చాలా ఏళ్లు వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి ‘బీ సిరీస్’ కుటుంబానివే. ఎంజీబీకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. సుమారు 950 కిలోల బరువు. విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి కాబట్టి ప్రయోగాలు చేసేవాళ్లకు ఇష్టమైన బండి.

చక్రం పట్టేస్తే

బ్రేకు కారును ఆపదు, చక్రాన్ని ఆపుతుంది. కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. ఆ పట్టు అత్యధికంగా ఉండేది చక్రం స్వేచ్ఛగా దొర్లుతున్నప్పుడు కాదు, పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు కూడా కాదు. కారు వేగం కన్నా చక్రం ఓ 10 నుంచి 20 శాతం నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు. దాన్ని దాటి చక్రం పట్టేసిందంటే టైరు రోడ్డు మీద రబ్బరులా ఈడ్చుకుపోతుంది. పట్టు గుణకం 0.8 ఉంటే 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి లెక్క ప్రకారం దాదాపు 18 మీటర్లు చాలు. అదే 0.6కు పడిపోతే 24 మీటర్లు కావాలి. మధ్యలో తేడా ఆరు మీటర్లు, అంటే ఒక లారీ వెనక భాగానికి ముందు ఆగామా, కింద దూరామా అన్నంత తేడా.

దూరం కన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. లాక్ అయిన చక్రం పక్కకు పట్టుకునే శక్తిని దాదాపు పూర్తిగా పోగొట్టుకుంటుంది. ముందు చక్రాలు పట్టేస్తే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు నేరుగానే పోతుంది. వెనకవి ముందుగా పట్టేస్తే కారు గిరుక్కున తిరిగిపోతుంది. అందుకే పాతకాలం ఇంజినీర్లు వెనక బ్రేకులను కావాలనే బలహీనంగా ఉంచేవారు. ఎంజీబీలో వెనక వీల్ సిలిండర్ (డ్రమ్ములో బ్రేకు షూలను నెట్టే చిన్న సిలిండర్) సైజు ఎంచుకోవడంలోనే ఆ జాగ్రత్త ఉంది. ఈ విషయం తర్వాత మళ్లీ అవసరపడుతుంది.

చక్రం లాక్ కాకుండా చూడాలన్న ఆలోచన కార్లలో పుట్టింది కాదు. 1950ల తొలినాళ్లలో డన్‌లప్ కంపెనీ ‘మాక్సరెట్’ పేరుతో విమానాల కోసం ఒక యంత్రాన్ని చేసింది. రన్‌వే మీద టైరు లాక్ అయి ఈడ్చుకుపోతే పేలిపోవచ్చు కదా, అందుకు. దాన్నే 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే ఫోర్ వీల్ డ్రైవ్ కారులో పెట్టారు. మొత్తం 320 కార్లే తయారయ్యాయి. 1971లో క్రైస్లర్ తన ఇంపీరియల్ కారుకు బెండిక్స్ తయారు చేసిన నాలుగు చక్రాల వ్యవస్థను ఇచ్చింది. మెర్సిడెస్ 1970లోనే ఒక నమూనాను విలేకరులకు నడిపి చూపించింది గానీ, అందులో దాదాపు వెయ్యి ఎలక్ట్రానిక్ భాగాలు. రోడ్డు కుదుపులకూ ఇంజిన్ వేడికీ అన్ని భాగాలు తట్టుకుని నిలబడటం అయ్యే పని కాదు. బాష్ వాటిని డిజిటల్ పద్ధతిలో 140కి తగ్గించాక, 1978లో ఎస్-క్లాస్ కారులో ఇప్పటి ఏబీఎస్ మొదలైంది. అప్పుడు దాని బరువు 6.3 కిలోలు. ఇప్పుడు అందులో మూడో వంతు కూడా లేదు.

కాలు వేసిన ఒత్తిడే ఒత్తిడి

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. మామూలు ఏబీఎస్ బ్రేకుకు బలం చేర్చదు. తీసేస్తుంది, తీసేసినదాన్ని మళ్లీ ఇస్తుంది, అంతే. ప్రతి చక్రానికీ రెండు వాల్వులు. ఆయిల్ లోపలికి వెళ్లే వాల్వు మామూలుగా తెరిచే ఉంటుంది, బయటికి వదిలేది మూసి ఉంటుంది. చక్రం హఠాత్తుగా నెమ్మదిస్తున్నట్టు కనిపిస్తే మొదటిది మూసుకుని ఒత్తిడి అక్కడితో ఆగుతుంది. అప్పటికీ చక్రం తేరుకోకపోతే రెండోది తెరుచుకుని కాస్త ఆయిల్‌ను ఓ చిన్న గదిలోకి వదులుతుంది. పంపు ఆ ఆయిల్‌ను తిరిగి మాస్టర్ సిలిండర్ వైపు నెడుతుంది. పెడల్ కింద కాలికి తగిలే ఆ గడగడ దానిదే. సెకనుకు ఎన్నోసార్లు ఇదే తంతు.

అంటే మన కాలు చక్రాన్ని లాక్ చేయగలిగినప్పుడే ఏబీఎస్‌కు పని. చుట్టూ డ్రమ్ములే ఉన్న పాత ప్రీమియర్ పద్మినిలో నాలుగుసార్లు గట్టిగా బ్రేకు వేశాక లైనింగులు వేడెక్కి పెడల్ చెక్కలా అయిపోతుంది చూశారా, అక్కడ ఏబీఎస్ చేసేదేమీ లేదు. తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు కాలిన వాసన వస్తుంటే దాని మందు గేరు తగ్గించడం, మంచి లైనింగులు. బ్రేకు చాలడం లేదని ఏబీఎస్ పెట్టించాలనుకునేవాళ్లు తప్పు దుకాణంలో అడుగుతున్నట్టే.

పైపుల దగ్గరే మొదటి తలనొప్పి

బ్రిటన్‌లో అమ్మిన తొలి ఎంజీబీలకు బ్రేక్ సర్క్యూట్ ఒక్కటే. మాస్టర్ సిలిండర్ నుంచి ఒక పైపు బయల్దేరి నాలుగు చక్రాలకూ చీలుతుంది. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. అమెరికా 1968 నుంచి జంట సర్క్యూట్‌ను తప్పనిసరి చేశాక అక్కడికి వెళ్లిన కార్లకు అది వచ్చింది. ఏబీఎస్ యూనిట్‌కు రెండు సర్క్యూట్లు కావాలి కాబట్టి మొదటి ఖర్చు జంట మాస్టర్ సిలిండర్. నిజానికి ఏబీఎస్ ఆలోచన లేకపోయినా ఈ ఒక్క మార్పు చేసుకుంటే పాత కారు ఎన్నో రెట్లు నమ్మదగినదవుతుంది. అన్నిటికన్నా ముందు డబ్బు పెట్టాల్సింది దీని మీదే.

మాస్టర్ సిలిండర్‌లోనూ తేడాలుంటాయి. పాత రకంలో పిస్టన్ రబ్బరు సీలు ఒక సన్నటి రంధ్రం మీదుగా జారుతుంది. ఏబీఎస్ పంపు వెనక్కి కొట్టే దెబ్బలకు ఆ సీలు రంధ్రం అంచున చెక్కుకుపోతుంది. అందుకే ఏబీఎస్ కార్లలో పిస్టన్ మధ్యలోనే వాల్వు ఉండే రకం వాడతారు. ఎప్పుడో ఒకసారి అత్యవసరంగా తొక్కితే ఏమీ కాదనిపించవచ్చు. కానీ సీలు పాడయ్యే సంగతి పైకి కనిపించదు, పెడల్ మెల్లగా కిందికి దిగిపోయేదాకా.

సర్క్యూట్లను ఎలా విడదీశారన్నది ఇంకో చిక్కు. జంట సర్క్యూట్ ఉన్న ఎంజీబీలో ముందు చక్రాలు ఒక సర్క్యూట్, వెనకవి ఇంకొకటి. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో ఎక్కువగా ఐమూలగా ఉంటుంది: కుడి ముందు, ఎడమ వెనక ఒక జత. చవకగా దొరికే హ్యాచ్‌బ్యాక్ ఏబీఎస్ యూనిట్లు ఈ ఐమూల రకానివి. లోపలి దారులు, లోపలి రెండు చిన్న గదులు, కంప్యూటర్ లెక్క అన్నీ దాన్ని బట్టే ఉంటాయి. దాన్ని తెచ్చి ముందు-వెనక సర్క్యూట్‌కు కలపడమంటే కుడి చెప్పు ఎడమ కాలికి తొడిగినట్టు. వెనక చక్రాలతో నడిచే కారు యూనిట్‌నే వెతకాలి.

ఇక మరలు. బ్రిటిష్ పైపుల నట్టు అంగుళాల లెక్కలో 3/8, అంటే 9.5 మిల్లీమీటర్లు. జర్మన్ యూనిట్ రంధ్రం 10 మిల్లీమీటర్లు. మర దూరం కూడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. దాంతో ఒకటి ఇంకోదానిలో దూరుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, ఒకరోజు గట్టిగా తొక్కినప్పుడు ఊడి వస్తుంది. పైపు చివర వెడల్పు చేసే ఆకారం కూడా రెండు రకాలు. లోపలికి మడిచినది ఒకటి, బుడగలా ఉబ్బినది ఒకటి. ఒక రకం కోసం చేసిన గుంటలో ఇంకో రకం కూర్చోదు. ఈ పని చేసే మెకానిక్ దగ్గర రెండు రకాల ఫ్లేరింగ్ టూల్ ఉందో లేదో ముందే అడగడం మేలు.

బ్రేక్ ఆయిల్ సంగతీ చూడాలి. పాత కార్లను షోకుగా ఉంచేవాళ్లలో కొందరు సిలికాన్ ఆయిల్, అంటే డాట్ 5 వాడతారు. పెయింటు మీద పడినా మచ్చ పడదు, తేమ పీల్చదు. కానీ అది గాలి బుడగలను వదలదు. ఏబీఎస్ వాల్వులు టపటపా కొట్టుకుంటుంటే నురగ అవుతుంది. డాట్ 4కు మారాలి. పేరులో అంకె దగ్గరగా ఉందని డాట్ 5.1ను డాట్ 5తో కలిపి చూడకూడదు, అది డాట్ 4 జాతిదే. మారేటప్పుడు పాత రబ్బర్లన్నీ తీసేసి కొత్తవి వేయడం తప్పదు. ఎయిర్ తీయడం కూడా మామూలుగా ఇద్దరు కూర్చుని ‘తొక్కు, వదులు’ అనుకుంటే అయ్యేది కాదు. మూసి ఉండే వాల్వుల వెనక చిక్కిన గాలిని స్కానర్ పెట్టి పంపు తిప్పితే తప్ప బయటికి రప్పించలేం.

చక్రం కళ్లు

కంప్యూటర్‌కు రోడ్డు కనిపించదు, కారు కనిపించదు. దానికి తెలిసేది నాలుగు చక్రాల దగ్గర నుంచి వచ్చే టిక్కులే. హబ్ మీద పళ్ల రింగు, దాని ఎదురుగా సెన్సార్. రింగుకు 48 పళ్లు ఉంటే, చక్రం ఒక చుట్టుకు సుమారు రెండు మీటర్లు పోతుందనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 400 టిక్కులు. ఆ టిక్కుల మధ్య వ్యవధి హఠాత్తుగా పెరిగితే చక్రం లాక్ కాబోతోందని అర్థం.

ఎంజీబీ హబ్‌కు ఈ రింగు ఎక్కడా లేదు. లేత్ మీద చేయించి హబ్ వెనక బిగించాలి. ముందు వైపు స్టబ్ యాక్సిల్‌కు బ్రాకెట్ పెట్టి సెన్సార్ నిలబెట్టాలి, పంటికీ సెన్సార్‌కూ మధ్య సందు దాదాపు ఒక మిల్లీమీటర్. వినడానికి తేలిక. కానీ పాత కారు బేరింగులో కాస్త ఆట ఉంటే, మలుపులో చక్రం అటూ ఇటూ ఊగినప్పుడల్లా ఈ సందు మారుతుంది. ఎంజీబీ ముందు బేరింగుకు కంపెనీ చెప్పిన ఆట కేవలం 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్. అంత కొలిచి షిమ్ములు (సన్నటి రేకు బిళ్లలు) వేసే ఓపిక లేనివాళ్లకు సెన్సార్ తప్పుడు లెక్కలిస్తుంది. వైర్ స్పోక్ చక్రాలున్న బండిలో హబ్ వేరు, స్థలం వేరు, మళ్లీ మొదటి నుంచి కొలతలు.

సెన్సార్లు రెండు రకాలు. పాతవి అయస్కాంతం, కాయిల్. చక్రం వేగాన్ని బట్టి వోల్టేజీ పుడుతుంది, నడక వేగంలో దాదాపు ఏమీ రాదు. కొత్తవాటికి కరెంటు ఇస్తే 7 మిల్లీ ఆంపియర్లు, 14 మిల్లీ ఆంపియర్లు అంటూ రెండే మెట్లలో స్పష్టంగా జవాబు ఇస్తాయి. ఏ యూనిట్ తెచ్చామో దాని రకమే కావాలి. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే ఎర్రర్ లైటు వెలిగి కూర్చుంటుంది.

పళ్ల లెక్క తప్పితే అంతకన్నా ప్రమాదం. ముందు హబ్‌లో స్థలం చాలలేదని 44 పళ్ల రింగు, వెనక 48 పళ్లది పెట్టారనుకుందాం. ముందు చక్రాలు మామూలుగా దొర్లుతున్నా కంప్యూటర్‌కు అవి ఎప్పుడూ 8 శాతం నెమ్మదిగా కనిపిస్తాయి. అంటే బ్రేకు తొక్కకముందే చక్రం జారుతోందని దాని నమ్మకం. కాస్త తొక్కగానే ఒత్తిడి వదిలేస్తుంది. పాత కారు పాత బ్రేకుతోనే ఇంతకన్నా ముందు ఆగేది.

యూనిట్‌కు గుర్తున్న కారు

ఇలాంటి మార్పిడులకు ఎక్కువగా వాడే యూనిట్లలో ఒకటి 2000ల తొలినాళ్ల బీఎండబ్ల్యూ ఈ46 కార్లలో వచ్చిన టెవెస్ ఎంకే60. కారణం సాంకేతికం కన్నా ఆచరణలోది. కారులోని మిగతా కంప్యూటర్లతో మాటలు లేకపోయినా స్టెబిలిటీ కంట్రోల్‌ను ఆపేసుకుని ఏబీఎస్‌ను మాత్రం నడిపిస్తుంది. చాలా కొత్త యూనిట్లు ఇంజిన్ కంప్యూటర్ పలకకపోతే అలిగి మొత్తం పనే మానేస్తాయి.

దాన్ని ఎంజీబీ పక్కన పెట్టి చూస్తే కొన్ని కలుస్తాయి, కొన్ని అస్సలు కలవవు. టైరు ఎత్తు చిత్రంగా కలుస్తుంది. ఎంజీబీ జీటీ 165ఆర్14 టైరు వ్యాసం లెక్కకు 626 మిల్లీమీటర్లు, ఈ46 సెడాన్ 225/45ఆర్17 టైరుది 634. ఒక శాతం పైచిలుకు తేడా, పట్టించుకోనక్కర్లేదు. వెనక చక్రాలతో నడవడం, ముందు-వెనక సర్క్యూట్లు కూడా సరిపోతాయి.

బరువు దగ్గర దారి విడిపోతుంది. ఈ46 సుమారు ఒకటిన్నర టన్నులు, ఎంజీబీ టన్ను లోపు. బీఎండబ్ల్యూ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.72 మీటర్లు, ఎంజీబీది 2.31. ఇది కాగితం మీద అంకె కాదు. ఎడమ చక్రాలు వానకు తడిసిన బురద అంచున, కుడి చక్రాలు పొడి తారు మీద ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే కారు కుడివైపు లాగేస్తుంది. డ్రైవర్ స్టీరింగ్ సర్దుకునేలోగా ఆ లాగుడు మెల్లగా పెరిగేలా, పట్టు ఉన్న ముందు చక్రానికి ఒత్తిడిని కావాలనే ఆలస్యంగా ఇస్తుంది ఏబీఎస్. ఎంత ఆలస్యం అన్నది ఆ కారు ఎంత తొందరగా తిరుగుతుందో చూసి పెట్టిన లెక్క. పొట్టి కారు ఇంకా తొందరగా తిరుగుతుంది. పొడుగు కారుకు చాలిన ఆలస్యం దీనికి చాలకపోవచ్చు.

బ్రేకు సైజు కూడా అంతే. వాల్వు ఒక్కసారి తెరుచుకుంటే ఇంత ఆయిల్ బయటికి పోతుంది అని కంప్యూటర్ అంచనా. పెద్ద క్యాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) నుంచి ఆ చుక్క పోతే ఒత్తిడి కొంచెం తగ్గుతుంది. ఎంజీబీ చిన్న క్యాలిపర్ నుంచి అంతే చుక్క పోతే ఒత్తిడి బాగా పడిపోతుంది. చక్రం అవసరానికి మించి వదులై, మళ్లీ పట్టుకునేలోగా కారు కొన్ని అడుగులు ఊరికే పోతుంది. నడిపేవాళ్లకు ఇది ‘బ్రేకు వేస్తే కారు ఊగుతూ ఆగుతోంది’ అన్నట్టు తెలుస్తుంది. అయితే యూనిట్ మరీ మొండిది కాదు. ప్రతి దెబ్బకూ చక్రం ఎలా స్పందించిందో చూసి తర్వాతి దెబ్బను సర్దుకుంటుంది. కొత్త టైర్లు, అరిగిన ప్యాడ్లు, నలుగురు ప్రయాణికులు, ఖాళీ బండి... వీటన్నిటినీ తట్టుకునేలా చేసిందే కదా. అందుకే మార్పిడి చేసిన కార్లు చాలావరకు బాగానే ఆగుతున్నాయి. పొడి రోడ్డు మీద నేరుగా ఆగడం చూసి అంతా బాగుందనుకోవడమే అసలు ప్రమాదం, లెక్క తప్పేది అంచుల్లో కాబట్టి.

వెనక డ్రమ్ములుంటే ఏబీఎస్ పనిచేయదన్న మాట ఒకటి వినిపిస్తుంది. అది తప్పు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయ్యాక కూడా ఎన్నో హ్యాచ్‌బ్యాక్‌లు వెనక డ్రమ్ములతోనే వస్తున్నాయి, వాటి ఏబీఎస్ చక్కగా పనిచేస్తోంది. వాటి కంప్యూటర్‌కు డ్రమ్ము గురించి తెలుసు, షూ వదలడానికి డిస్కు కన్నా కాస్త ఎక్కువ సమయం పడుతుందని తెలుసు. ఈ46 యూనిట్‌కు తెలిసింది నాలుగు డిస్కులే.

ఆ మాట విని వెనక కూడా డిస్కులు పెట్టించేవాళ్లున్నారు. ఇక్కడే పైన చెప్పిన వీల్ సిలిండర్ సైజు గుర్తు తెచ్చుకోవాలి. కొత్త కార్లలో వెనక బ్రేకులు బలంగానే ఉంటాయి, వాటిని అదుపులో పెట్టేది ఏబీఎస్ యూనిట్‌లోనే ఉన్న ఈబీడీ, అంటే ముందు వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు. ఎంజీబీకి బలమైన వెనక డిస్కులు పెట్టి ఈబీడీ చూసుకుంటుందిలే అని వదిలేస్తే, ఫ్యూజ్ పోయిన రోజు వెనక చక్రాలు ముందుగా పట్టేసి కారు బొంగరం అవుతుంది. పాత డ్రమ్ములు ఉంచుకుంటే, ఏబీఎస్ చచ్చిపోయినా మిగిలేది ఆబింగ్డన్ ఇంజినీర్లు తూచి పెట్టిన పాత సమతూకమే. ఈ విషయంలో డ్రమ్ములు ఉంచుకోవడమే తెలివైన పని. డాష్‌బోర్డులో పసుపు ఏబీఎస్ లైటుతో పాటు, ఈబీడీ పోతే వెలిగే ఎర్ర బ్రేకు లైటుకూ వైరు లాగాల్సిందే. చాలా మార్పిడుల్లో బద్ధకించేది ఈ రెండో వైరు దగ్గరే.

కరెంటు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొసను కారు బాడీకి కలపడం), లూకాస్ సీ40 డైనమో. దాని గరిష్ఠ సామర్థ్యం 22 ఆంపియర్లు. ఏబీఎస్ పంపు మోటారు తిరిగినప్పుడు ఒక్కటే అంతకన్నా ఎక్కువ లాగగలదు. హెడ్‌లైట్లు, వైపర్లు వేసుకుని వానలో వెళ్తున్నప్పుడే కదా అది తిరగాల్సింది. నెగెటివ్ ఎర్త్, ఆల్టర్నేటర్, మందపాటి ఎర్త్ వైరు, పంపుకు విడిగా ఫ్యూజ్. వీటిలో ఏది తగ్గినా వోల్టేజీ పడిపోయి యూనిట్ తనంతట తాను ఆగిపోతుంది.

ఏ దారి ఎవరికి

అన్నిటికన్నా సులువైన దారి కొన్ని కార్లకే ఉంది. అదే మోడల్‌కు తర్వాతి ఏళ్లలో కంపెనీయే ఏబీఎస్ ఇచ్చి ఉంటే దాని భాగాలు తెచ్చి పెట్టుకోవచ్చు. మెర్సిడెస్ డబ్ల్యూ123 ఇందుకు చక్కటి ఉదాహరణ. 1976లో వచ్చిన ఈ కారుకు 1980 నుంచి ఏబీఎస్ ఐచ్ఛికంగా దొరికింది. హబ్‌లు, రింగులు, యూనిట్, వైరింగ్ అన్నీ ఆ కారు కోసమే పుట్టినవి. కంప్యూటర్‌కు గుర్తున్న కారు ఇదే కాబట్టి పైన చెప్పిన బాధల్లో సగం ఉండవు. ఆ యూనిట్‌కు నలభై ఏళ్లు నిండాయి కదా అన్న దిగులు మాత్రం మిగులుతుంది.

రెండోది ఎంకే60 లాంటి పరాయి యూనిట్ దారి. మూడోది రేసింగ్ కిట్. బాష్ మోటార్‌స్పోర్ట్ విభాగం అమ్మే ఎం4, ఎం5 కిట్లలో కారు కొలతలు మార్చి ఎక్కించుకోవచ్చు. బరువు, చక్రాల దూరం, పళ్ల సంఖ్య కంప్యూటర్‌కు చెప్పవచ్చు, డ్రైవర్ స్విచ్ తిప్పి పనితీరు మార్చుకోవచ్చు. సమస్య మూలాన్ని పట్టుకునే పరిష్కారం ఇదొక్కటే. ధర మాత్రం వేల యూరోలు, కొన్నిచోట్ల ఆ డబ్బుకు ఇంకో ఎంజీబీ వస్తుంది.

వారానికోసారి తీసి, ఎండ పూట నలభై కిలోమీటర్లు తిప్పి షెడ్డులో పెట్టే బండికి ఇవేవీ అక్కర్లేదు. పదేళ్ల నాటి గట్టిపడిన టైర్లు మార్చి, ఉబ్బిన రబ్బరు గొట్టాల బదులు కొత్తవి వేసి, జంట మాస్టర్ సిలిండర్ పెట్టి, వెనక డ్రమ్ములు సరిగ్గా అడ్జస్ట్ చేయిస్తే బ్రేకులో వచ్చే తేడా ముందు ఏబీఎస్ చిన్నబోతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే, వానలో హైవే ఎక్కే పాత కారైతే లెక్క వేరు. కంగారులో ఏ డ్రైవరైనా పెడల్‌ను చివరిదాకా తొక్కేస్తాడు.

చట్టం సంగతి దేశాన్ని బట్టి. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని కార్లకు ఏటా చేసే పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. యాక్సిళ్లు, రన్నింగ్ గేర్‌లో భద్రత కోసం చేసే మెరుగుదలను అక్కడి మార్గదర్శకాలు పెద్ద మార్పుగా లెక్కించవు. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019లో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారుకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు దక్కాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి. పెద్ద మార్పులకు ఉదాహరణగా ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లను పేర్కొన్నారు, బ్రేకుల పేరు అందులో లేదు. అయినా రంధ్రాలు కొట్టకుండా, వెల్డింగ్ లేకుండా, ఎప్పుడైనా విప్పి పాత భాగాలు తిరిగి పెట్టేలా పని చేయించుకోవడం, తీసిన ప్రతి నట్టూ డబ్బాలో దాచుకోవడం మంచిది. ర్యాలీల్లో బానెట్ ఎత్తి చూసే జడ్జీలకు ఆ అల్యూమినియం దిమ్మ కనిపించిందంటే మార్కులు పోయినట్టే.

పని పూర్తయ్యాక పరీక్ష రోడ్డు మీద కాదు. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లోని నాట్రాక్స్ లాంటి పరీక్షా కేంద్రాల్లో రకరకాల జారుడు ఉపరితలాలతో బ్రేకింగ్ ట్రాకులు ఉన్నాయి. అది అందుబాటులో లేనివాళ్లు మనుషులెవరూ రాని ఖాళీ మైదానం చూసుకోవాలి. ముందు 30 వేగంతో పొడి నేల, తర్వాత తడి నేల, ఆ తర్వాత ఒక పక్క చక్రాల కింద మాత్రమే తడి. ప్రతిసారీ ఎవరో ఒకరు బయట నిలబడి ఏ చక్రం ముందు ఆగిందో చూడాలి, లేదా ఫోన్‌లో వీడియో తీయాలి. అన్నీ సవ్యంగా ఉన్నాయనిపించాక ఏబీఎస్ ఫ్యూజ్ పీకేసి, పొడి నేల, తడి నేల పరీక్షలు మాత్రం అదే వరుసలో మళ్లీ చేయాలి. డాష్‌బోర్డులో రెండు లైట్లూ వెలగాలి, ముందు చక్రాలే ముందుగా పట్టేయాలి, కారు నేరుగా ఆగాలి.